నాలిక పెట్టె

టీలో నానిన బన్ను ముక్కను చెంచాతో మెదిపి హరినాథ్ తన అత్త నోటి దగ్గర పెట్టాడు. ఉరుకుందమ్మ నోరు తెరవలేదు. గోడకు ఆనించిన దిండు మీద వెనక్కి వాలి, నడింట్లో వేలాడుతున్న ఉయ్యాల వైపే చూస్తోంది. స్లాబుకు దించిన ఇనుప కొక్కెం నుంచి పాత నూలు చీర ఒకటి కిందికి జారి ఉంది. ఆ చీర మడతలో పాప పడుకుంది. అంచు మీదుగా చిన్న పిడికిలి ఒకటి బయటికొచ్చి, కాసేపు గాలిలో నిలబడి, మళ్లీ లోపలికి పోయింది.

"తిను అత్తా. చల్లగయిపోతాంది."

"ఒరే హరీ," అంది ఉరుకుందమ్మ. "ఆ నాలిక పెట్టె ఉండాదా?"

హరినాథ్ చేతిలో చెంచా ఆగింది. "ఏం పెట్టె?"

"అదేరా. నాలిక బయటపెట్టి మల్ల లోపలికి ఈడ్చుకుంటాండె సూడు. నీ కూతురు ఉయ్యాలకు కట్టింటివే, అది. దీనికీ కట్టు. రేపు పిల్ల యెల్లిపోతాదంట కదా."

వంటింటి గడప మీద కూర్చుని పాప బట్టలు మడత పెడుతున్న లక్ష్మీదుర్గ తలెత్తి నవ్వింది. ఆమె హరినాథ్‌కు ఒక్కతే కూతురు. కాన్పుకని పుట్టింటికి వచ్చి నెలలు దాటాయి. రేపు పొద్దున ఓర్వకల్లు నుంచి మొగుడు కారు మాట్లాడుకుని వచ్చి తీసుకుపోతాడు.

"నేను పోతాండానని బాధ లేదా అవ్వా నీకు? నీ మనమరాలి కూతురు పోతాదనేనా?" అంది.

"నిన్ను శానా సూసినాలే," అంది ముసలామె. "దాన్ని సూసింది యాడ? ఏమప్పా, కడ్తావా లేదా?"

హరినాథ్ చెంచా దించాడు. వానాకాలం మొదట్లో ఉరుకుందమ్మకు ఆయాసం ఎక్కువై ఆస్పత్రిలో పెట్టినప్పుడు, డాక్టరు అతన్ని వరండాలోకి పిలిచి మెల్లగా చెప్పాడు. గుండె అలిసిపోయింది, ఇంటికి తీసుకుపోయి అడిగింది పెట్టండి అన్నాడు. అప్పటి నుంచి ఆమె ఏదైనా అడుగుతుందేమోనని హరినాథ్ కాచుకుని ఉన్నాడు. మామిడిపండు తెస్తానన్నా వద్దంది. శ్రీశైలం తీసుకుపోతానంటే, మల్లన్నకు నా మొగం కొత్తదేం కాదులే అంది. ఇన్నాళ్లకు నోరు తెరిచి అడిగింది ఇదీ.

"కడ్తాలే అత్తా," అన్నాడు. "ముందు ఇది తిను."

ఆమె నోరు తెరిచింది.

ఉరుకుందమ్మ హరినాథ్‌కు రెండు విధాల అత్త. తండ్రికి తోడబుట్టింది, ఆమె కూతురు ప్రమీలారాణినే అతను పెళ్లాడాడు. కోడుమూరులో రెండిళ్లూ ఎదురెదురుగా ఉండేవి, రెండింట్లోనూ గుంట మగ్గాలు ఆడేవి. మగ్గం గుంటలో కాళ్లు పెట్టి అరవయ్యేళ్ల దాకా చీరలు నేసిన మనిషి ఆమె. ఇప్పుడు ఆ కాళ్లు దుప్పటి కింద ఉన్నాయో లేదో తెలియనంత సన్నబడ్డాయి. చేతులు మాత్రం ఇంకా పెద్దగానే ఉన్నాయి. బొటనవేలి పక్కన పోగు ఒరిసి ఒరిసి పడిన గాడి ఒకటి, ఎన్నిసార్లు స్నానం చేయించినా పోని మచ్చలాగా, అలాగే ఉంది.

ప్రమీల పోయి ఎనిమిదేళ్లు. జ్వరమని మంచమెక్కి వారం తిరక్కుండానే పోయింది. దినాలు అయిపోయిన మర్నాడు ఉరుకుందమ్మ తన బట్టలు మూట గట్టుకుని వీధి అరుగు మీద కూర్చుంది. కూతురు లేని ఇంట్లో అల్లుడి కూడు తినడం ఏం బాగుంటుందని, ఆదోనిలో మరిది కొడుకుల దగ్గరికి పోతానని చుట్టాలతో అన్నదట. హరినాథ్ బయటికి వచ్చి ఆమె పక్కన కాసేపు నిలబడ్డాడు. మూట తీసుకుపోయి లోపల ఆమె మంచం కింద పెట్టి, వంటింట్లోంచి కేకేశాడు: "అత్తా, కందిపప్పు యాడ పెట్టినావు?" ఆమె లేచి లోపలికొచ్చి డబ్బా చూపించింది. ఆ విషయం మళ్లీ ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

అత్తకు తినిపించి, కర్నూలులో తాముండే కల్లూరు నుంచి సీ క్యాంపు వెళ్లే షేర్ ఆటోలో డ్రైవరు పక్కన ఒక తొడ బయటికి పెట్టి కూర్చుని హరినాథ్ పనికి బయలుదేరాడు. సన్నగా, కొంచెం ముందుకు వంగిన మనిషి. మెడలో నల్లదారానికి కళ్లద్దాలు వేలాడుతుంటాయి. చొక్కా జేబు అంచున ఎప్పుడూ ప్రింటరు సిరా మరక ఉంటుంది. వంతెన కింద హంద్రీలో నీళ్లకంటే ముళ్లచెట్లే ఎక్కువ ఉన్నాయి. రోజూ ఆ వంతెన మీద అతను ఆ రోజు చేయాల్సిన పనులు తలుచుకునేవాడు. ఈ పొద్దు మాత్రం ఒక పాత కంప్యూటరు మీది ఆకుపచ్చ రంగు బల్బు కళ్ల ముందు వెలిగి ఆరుతోంది.

డిగ్రీ అయ్యాక మగ్గం ఎక్కనని హరినాథ్ పంతం పట్టిన రోజులవి. కర్నూలుకు బస్సులో వచ్చిపోతూ ఒక చిన్న కంప్యూటరు సెంటరులో కోర్సు చేశాడు. అక్కడే పాఠాలు చెప్పాడు కూడా. హైదరాబాదులో ఉద్యోగాలు వానలాగా కురుస్తున్నాయని అందరూ చెప్పుకునేవారు. ఒక ఇంటర్వ్యూకు పోయాడు. ఇంగ్లీషులో అడిగిన దానికి తెలుగులో తల ఊపి తిరిగొచ్చాడు. రెండోసారి పోదామనుకునేలోగా లక్ష్మీదుర్గ పుట్టింది. సెంటరు మూతపడింది. సెంటరు నడిపిన సారు పాత కంప్యూటర్లను తలా ఒకటి పట్టుకుపొమ్మన్నాడు. హరినాథ్ తన వంతు పెట్టెను బస్సు మీదికెక్కించి, గోనెసంచి కప్పి కోడుమూరుకు తెచ్చాడు.

దాన్ని పెట్టడానికి ఇంట్లో చోటు లేదు. మగ్గమింట్లోనే ఒక మూల, నూలు కండెల బుట్ట పక్కన స్టూలు వేసి పెట్టాడు. ఎదురుగా గుంటలో ప్రమీల. చేతులు రెండూ అటూ ఇటూ పోగు విసిరే నాడెకు, కాళ్లు రెండూ తొక్కుడు చెక్కలకు. ఉయ్యాల పక్కనే దూలానికి వేలాడేది. దాని తాడు ఉరుకుందమ్మ చేతిలో ఉండేది. ఆమెకు రాట్నం పని ఉన్నప్పుడు పాప ఏడ్చేది, ప్రమీల నేత ఆపి గుంటలోంచి లేచేది. లేచిన ప్రతిసారీ ఆమె నడుం పట్టుకుని ఒక క్షణం నిలబడటం హరినాథ్ కంప్యూటరు ముందు కూర్చుని చూసేవాడు.

ఒకనాడు పాటల సీడీ ఒకటి పెడదామని బటన్ నొక్కితే పళ్లెం బయటికొచ్చింది. దాన్నే చూస్తూ కూర్చున్నాడు. బటన్ ముట్టకుండా, రెండు మాటలు రాస్తే కూడా ఆ పళ్లెం బయటికొస్తుందని కోర్సులో చదివాడు. కంప్యూటరు భాషలో ఆ పళ్లేనికి పేరు తలుపు. తలుపు ఓపెన్ అని రాస్తే వస్తుంది. క్లోజ్డ్ అని రాస్తే పోతుంది. మధ్యలో కొంచెం ఆగు అని రాసి, మళ్లీ మొదటికి రా అని రాస్తే, కరెంటు ఉన్నంతసేపూ అది వస్తూ పోతూనే ఉంటుంది.

ఆ పళ్లెం అంచుకు సూదితో కాల్చి సన్న రంధ్రం చేశాడు. నూలు దారం గుచ్చి ఉయ్యాలకు కట్టాడు. మొదట్లో అది ఉయ్యాలను ఊపలేదు, కుదిపింది. పాప బెదిరి ఏడ్చింది. ఉయ్యాల తనంతట తాను వెనక్కి వచ్చే వేళకు పళ్లెం లాగాలి, ముందుకు పోయే వేళకు వదలాలి. ఆగే సమయాన్ని రవ్వంత పెంచి, రవ్వంత తగ్గించి, మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టే వేళదాకా తంటాలు పడ్డాడు. చివరికి రెండూ కలిశాయి. బలమంటూ లేని ఆ ప్లాస్టిక్ పళ్లెం మెల్లమెల్లగా లాగుతుంటే ఉయ్యాల పెద్దగా, హాయిగా ఊగసాగింది.

ప్రమీల గుంటలో కూర్చునే చూసింది. నాడె ఆపలేదు. పళ్లెం బయటికి వచ్చినప్పుడల్లా "తలుపు తీసింది" అనేది. లోపలికి పోతే "తలుపు మూసింది" అనేది. పాట లాగా అంటూ నేసుకుంటూ పోయింది.

"మీ ఆయన ఉద్యోగం చేస్తాడనుకుంటే సీడీ డబ్బాతో బిడ్డను ఊపిస్తాండాడు," అంది ఉరుకుందమ్మ, రాట్నం దగ్గర నుంచి. "మనిషి చెయ్యి తగలకుండా పెరిగితే పిల్ల యేమయితాదో. ఆ నాలికను లోపల పెట్టుకోమను, సిగ్గులేనిది."

కరెంటు పోయినప్పుడు మాత్రం ఆమె ముఖం వెలిగేది. పళ్లెం సగంలో ఆగిపోయి, ఉయ్యాల మందగించి, పాప కదిలేలోగా లేచివచ్చి దారం అందుకునేది. "సూసినావా హరీ, నా చేతికి కరెంటు అక్కర్లేదు" అనేది. కరెంటు వచ్చాక కూడా ఒక్కోసారి దారం వదిలేది కాదు. అప్పుడు పళ్లెం ఖాళీగా నాలుక చాపి, ముడుచుకుంటూ ఉండేది.

ఆ పాప పాకే దాకా, ఉయ్యాలలోంచి తలెత్తి బయటికి చూసే దాకా ఆ పెట్టె ఆడింది. తరువాత మగ్గాలు తగ్గాయి, కోడుమూరు ఇల్లు వదిలి కర్నూలుకు వచ్చారు. పాత బస్తీలో అద్దెకు ఉండగా తుంగభద్ర వరద వచ్చింది. నీళ్లు తగ్గాక చూస్తే పెట్టెలో బురద గడ్డకట్టి ఉంది. ప్రమీల దాన్ని కడిగి ఎండబెట్టింది. ఎండాక కూడా పనిచేయలేదు. తోపుడుబండి వాడికి వేసేశారు.

పెద్ద ఈరన్న దుకాణం అప్పటికే తెరిచి ఉంది. జిరాక్సు, ఇంటర్నెట్టు, లామినేషను, పాత కంప్యూటర్ల రిపేరు. పద్దెనిమిదేళ్లుగా హరినాథ్ చేసే పని అదే. యజమాని పెద్ద ఈరన్న లావుపాటి మనిషి, హరినాథ్ కంటే రెండు మూడేళ్లు పెద్ద. గల్లాపెట్టె దగ్గర కూర్చుని పేపరు చదువుతూ, పేపరు దించకుండానే మాట్లాడతాడు.

పొద్దున రద్దీ తగ్గే దాకా హరినాథ్‌కు ఊపిరాడలేదు. హాల్ టికెట్టు ప్రింట్లు, ఆధార్‌లో తప్పుపడ్డ ఇంటిపేర్లు, అద్దె అగ్రిమెంట్లు. ఓర్వకల్లు వైపు కొత్త కంపెనీలో వాచ్‌మెన్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలని ఒక పెద్దాయన వచ్చాడు. చదువు అన్న చోట ఏం రాయాలో తెలియక హరినాథ్ ముఖం చూశాడు. "చదవడం, రాయడం వచ్చు అని పెడదాం పెద్దాయనా," అన్నాడు హరినాథ్. ఆయన తృప్తిగా తల ఊపాడు.

సందు దొరకగానే కౌంటరు కింద నుంచి లాప్‌టాప్‌కు తగిలించే పల్చటి డీవీడీ డ్రైవు తీశాడు. దుకాణంలో మిగిలింది అదొక్కటే. అడిగేవాళ్లు లేక దాని మీద దుమ్ము పేరుకుంది. తలుపు ఓపెన్ అని రాసి నడిపించాడు. పళ్లెం టక్కున ఎగిరి బయటికొచ్చింది. మూయించడానికి మాత్రం వీలు కాలేదు. ఈ పల్చటివాటికి తెరుచుకోవడం వచ్చు, మూసుకోవడం రాదు. లోపలికి లాగే మోటారు ఉండదు, చేత్తో నెట్టాలి. ఆ సంగతి తెలిసీ ఎలా మరిచాడో అతనికే నవ్వొచ్చింది.

దుకాణం వెనుక గదిలో పాత డబ్బాల గుట్ట ఉంది. వైర్ల చిక్కులు తప్పించి, కీబోర్డుల దొంతర దించి, అడుగున ఉన్న ఒక నల్ల కేబినెట్ బయటికి లాగాడు. పైన సీడీ డ్రైవు ఉంది, లావుపాటిది, మోటారున్నది. ప్లగ్గు పెడితే కంప్యూటరు మేలుకుంది. బటన్ నొక్కితే డ్రైవు లోపల మూలిగింది. పళ్లెం మాత్రం రాలేదు.

స్క్రూలు విప్పి చూశాడు. లోపల మినుపగింజంత చక్రానికి రబ్బరు బెల్టు ఉంటుంది. కర్నూలు ఎండలకు అది సాగి వదులైపోయింది. చక్రం తిరుగుతోంది, బెల్టు జారుతోంది. ఇప్పుడు ఆ బెల్టులు ఎక్కడా దొరకవు. చేతిలో పెట్టుకుని కాసేపు చూసి, దుకాణం ముందు టీ బండి దగ్గరికి పోయాడు.

"తిరుపతమ్మా, దీన్ని రవ్వంతసేపు కాగే నీళ్లలో వేస్తావా?"

టీ కాచే తిరుపతమ్మ అతని అరచేతిలో నల్లటి రబ్బరు ఉంగరం లాంటి దాన్ని చూసింది. "ఏందన్నా ఇది? పొద్దన్నే నా బేరం చెడగొట్టేదానికి వచ్చినావా?"

"ఉత్త నీళ్లలో వేయమ్మా, టీలో కాదు. ఉడికితే బిగుస్తాది."

"నా మోకాళ్లు గూడ ఉడకబెడితే బిగుస్తాయేమో అడిగి చెప్పన్నా," అంటూనే ఆమె గిన్నె ఒకటి పక్క పొయ్యి మీద పెట్టి బెల్టును అందులో వేసింది. టీకి వచ్చినవాళ్లంతా తొంగిచూశారు. రెండు పొంగులు వచ్చాక గరిటెతో తీసి ఇచ్చింది. హరినాథ్ పైకండువాతో తుడిచి బెల్టు తగిలించాడు. బటన్ నొక్కాడు. పళ్లెం వణుకుతూ, కీచుమంటూ బయటికొచ్చింది. మళ్లీ నొక్కితే లోపలికి పోయింది.

మిగిలింది కోడు. అది నాలుగైదు వరుసలకు మించదు. ఇంటర్నెట్టులో వెతికితే క్షణంలో దొరుకుతుంది. అతనికెందుకో వెతకబుద్ధి కాలేదు. దరఖాస్తుల మధ్య ఖాళీలో గుర్తు తెచ్చుకుంటూ టైపు చేశాడు. ఓపెన్ పనిచేసింది. మూసేది రాసి నడిపిస్తే కంప్యూటరు ఆ మాట తెలియదన్నట్టు తప్పు చూపించింది. స్పెల్లింగు చూసుకున్నాడు. సరిగ్గానే ఉంది. మళ్లీ నడిపించాడు. మళ్లీ తప్పే. పళ్లెం బయటే ఉండిపోయింది.

"ఏమప్పా, అది వెక్కిరిస్తాండాది నిన్ను," అన్నాడు పెద్ద ఈరన్న, పేపరు దించకుండా.

హరినాథ్ కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. క్లోజ్. క్లోజ్. అంతే కదా. మగ్గం చప్పుడు వినిపించింది. తలుపు తీసింది. తలుపు మూసింది.

మూసింది.

ఒకసారి ప్రమీల అతని భుజం మీదుగా వంగి స్క్రీను మీది అక్షరాలు కూడబలుక్కుంటూ, ఈ మాటకు అర్థమేమని అడిగింది. "మూయి అని కాదు. మూసింది అని," చెప్పాడు. ఆమెకు నవ్వు ఆగలేదు. "చేయకముందే చేసేసినట్ల చెప్తే ఒప్పుకుంటాదా అది? అట్లయితే నేనూ షావుకారుకు అట్లనే చెప్తా. నేయకముందే చీర అయిపోయిందని." ఆ తరువాత చాలాకాలం ఆ ఇంట్లో అదొక మాటగా చెల్లింది. బియ్యం ఏరకముందే అన్నం అయిపోయింది అనేది. అతను స్నానానికి బద్ధకిస్తే, నీళ్లు పోసుకున్నావు పో, అనేది.

హరినాథ్ కళ్లు తెరిచి, ఆ మాట చివర ఒక్క అక్షరం చేర్చాడు. క్లోజ్డ్. పళ్లెం మెల్లగా లోపలికి పోయింది. కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. తుడిచినవే మళ్లీ తుడిచాడు.

బతుకులో అతను చాలా కోడు రాయాలనుకున్నాడు. రాసినవి కొన్ని సగంలో ఆగిపోయాయి, కొన్ని ఎవరికీ అవసరపడలేదు. అనుకున్న పని అనుకున్నట్టు, ఎదురుగా ఉన్న మనిషి నవ్వేటట్టు చేసింది ఇదొక్కటే.

కరెంటు పెడితే చాలు, స్క్రీను లేకున్నా కోడు తనంతట తానే మొదలయ్యేటట్టు సర్ది, మధ్యాహ్నం దాటాక కేబినెట్ చంకన పెట్టుకుని గల్లాపెట్టె దగ్గర నిలబడ్డాడు.

"అన్నా, ఇది ఇంటికి తీసకపోతాండా. మల్ల తెస్తా. ఈ పొద్దు బిన్నా పోవాల, పొద్దుండంగానే."

"తీసకపో, దాన్నెవరు అడుగుతాండారు? అయినా ఏంటికప్పా?"

"ఉయ్యాల ఊపేదానికి."

పెద్ద ఈరన్న పేపరు దించాడు. హరినాథ్ ముఖంలోకి చూసి, నవ్వబోయినవాడల్లా మానుకున్నాడు. "ముసలామె అడిగిందా?" అన్నాడు. హరినాథ్ తల ఊపాడు. "నడువు మరి. దుకాణం నేను సూసుకుంటాలే."

ఇంటికొచ్చేసరికి లక్ష్మీదుర్గ సంచులు సర్దడం దాదాపు అయిపోయింది. ఉరుకుందమ్మ మేలుకునే ఉంది. కేబినెట్‌ను చూసి, "ఇది నల్లగుండాది. అది తెల్లది కదా," అంది.

"అది వరదలో పాయె అత్తా. ఇది దాని తమ్ముడు."

మంచం పక్కన స్టూలు వేసి కేబినెట్ పెట్టాడు. పళ్లేన్ని బయటికి లాగి, అంచుకు కాల్చిన సూదితో రంధ్రం చేశాడు. ప్లాస్టిక్ పురికొస తీయబోతే ముసలామె వద్దంది. మంచం కింద తన పెట్టెలో నూలు కండె ఉంది చూడమంది. మగ్గం అమ్మిన నాడు దాచుకున్న ఎర్ర నూలు. దుర్గ తీసి ఇచ్చింది. హరినాథ్ నాలుగు పోగులు కలిపి పేని, ఒక కొస ఉయ్యాలకు కట్టి, రెండో కొస పళ్లేనికి ముడి వేశాడు. రెండు లాగులకే ముడి జారిపోయింది. మళ్లీ వేశాడు. మళ్లీ జారింది.

"సాలోల్ల ఇంట్లో పుట్టి ముడి యేసేది రాదు," అంది ఉరుకుందమ్మ. "ఇట్ల తే."

స్టూలు మంచానికి ఆనించాడు. దుర్గ ఆమె వీపు కింద చేయి వేసి లేపి కూర్చోబెట్టింది. ఉరుకుందమ్మ చేతులు పాపను ఎత్తుకోలేనంత వణుకుతుండేవి. దారం తగలగానే ఆ వణుకు కొంత తగ్గింది. కొస నోట్లో పెట్టి తడిపింది. రెండు వేళ్ల మధ్య దొర్లించింది. కళ్లు ముడి మీద లేవు, ఎటో గోడ వైపు ఉన్నాయి. మగ్గం మీద తెగిన పోగు అతికేటప్పుడు వేసే ముడి అది, నేతలో కూడా కనిపించనంత చిన్నది. బిగించి, మిగిలిన కొసలను గోటితో తుంచి, "ఇంగ లాగు," అంది.

హరినాథ్ లాగాడు. కదల్లేదు.

స్విచ్చి వేశాడు. కొంచెంసేపు ఏమీ జరగలేదు. అప్పుడు పళ్లెం కీచుమంటూ బయటికొచ్చి, ఆగి, లోపలికి పోయింది. ఉయ్యాల అడ్డదిడ్డంగా కదిలింది, పాప మూలిగింది. ఆగే సమయం మార్చడానికి ఇంట్లో స్క్రీను లేదు. అందుకని హరినాథ్ ఉయ్యాలనే మార్చాడు. పాపను దుర్గ ఎత్తుకోగా, కొక్కెం దగ్గర చీర ముడి వదులు చేసి జానెడు కిందికి దించాడు. ఉయ్యాల పొడుగైతే మెల్లగా ఊగుతుంది. మరికాస్త దించాడు. పాపను పడుకోబెట్టి మెల్లగా ఒక ఊపు ఊపి వదిలాడు. పళ్లెం, ఉయ్యాల ఒకదాన్నొకటి వెతుక్కుంటున్నట్టు కాసేపు తడబడ్డాయి. తరువాత కలిశాయి.

ఎర్రదారం బిగుస్తోంది, వదులవుతోంది. సాయంత్రపు ఎండ వీధి తలుపులోంచి వచ్చి, ఉయ్యాల అటు పోయినప్పుడు చీర మీద పడి, ఇటు వచ్చినప్పుడు నేల మీద పడుతోంది. పాప కళ్లు మూతలుపడ్డాయి.

"తలుపు తీసింది," అంది ఉరుకుందమ్మ మెల్లగా.

హరినాథ్ ఆమె వైపు చూశాడు. అచ్చం ప్రమీల అన్నట్టే అంది, అదే రాగంతో.

"తలుపు మూసింది," అంది మళ్లీ. కొంచెంసేపయ్యాక, కళ్లు సగం మూసి, "పెమీలా, పాప పండుకునిందిలే మ్మే. నువ్వు నిదానంగ నెయ్యి," అంది.

దుర్గ తండ్రి ముఖం చూసింది. అమ్మ లేదు కదా అవ్వా అని చెప్పబోయిందేమో, హరినాథ్ వద్దన్నట్టు తల కదిలించాడు.

"సరే అత్తా," అన్నాడు. "నిదానంగానే నేస్తాంది. నువ్వు పండుకో."

ఆమెను పక్కకు ఒత్తిగిల్లేటట్టు పడుకోబెట్టి దుప్పటి కప్పాడు. ముఖం ఉయ్యాల వైపు ఉంది. హరినాథ్ వీధి అరుగు మీద వచ్చి కూర్చున్నాడు. లోపల కీచుమనే చప్పుడు వస్తూ పోతూ ఉంది. ఎదురింటి గోడకు సిమెంటు పూస్తున్న మేస్త్రీలు పని ముగించి చేతులు కడుక్కుంటున్నారు. పాలపొట్లాల సైకిలు పోయింది. చాలా ఏళ్ల తరువాత అతను ఏ పనీ లేకుండా ఒకచోట కూర్చున్నాడు.

పాప ఏడ్చింది. దుర్గ వంటింట్లోంచి వచ్చి ఎత్తుకోవడం వినిపించింది. "సూడవ్వా, నీ పెట్టె ఆడతానే ఉండాది, ఇది లేసింది," అంటోంది. తరువాత గొంతు మారింది. "అవ్వా." మళ్లీ, "నాయనా, ఒకసారి రా."

ఉరుకుందమ్మ కళ్లు పూర్తిగా మూసుకోలేదు. ఒక చేయి మంచం పట్టె మీదుగా బయటికి ఉంది, దారం పట్టుకోవడానికి చాపినట్టు. హరినాథ్ ఆ చేయి పట్టుకున్నాడు. పాదాలు తాకి చూశాడు. కూర్చున్నాడు. ఖాళీ ఉయ్యాల ఇంకా ఊగుతోంది. చాలాసేపటికి దుర్గ వెళ్లి స్విచ్చి ఆపింది.

మర్నాడు వచ్చిన కారు తిరిగి వెళ్లిపోయింది. అల్లుడు ఉండిపోయి హంద్రీ ఒడ్డున జరగాల్సినవాటికి సాయం పట్టాడు. ఆదోని నుంచి, కోడుమూరు నుంచి చుట్టాలు వచ్చారు. పెద్ద ఈరన్న దుకాణం మూసి వచ్చి రోజంతా అరుగు మీద కూర్చున్నాడు. దినాలు గడిచాక లక్ష్మీదుర్గ పాపను తీసుకుని ఓర్వకల్లు వెళ్లింది. కారు ఎక్కేముందు, "నువ్వూ మాతో రారాదా నాయనా, నాలుగు దినాలు ఉండి పోదువు," అంది. వస్తాలే అమ్మా, వచ్చే ఆదివారం, అన్నాడు. ఆ మాట నిజంగానే అన్నాడు.

కారు మలుపు తిరిగాక లోపలికి వచ్చాడు. ఇల్లు ఊడ్చాడు. ఉయ్యాల వైపు దారం కొస విప్పి, కొక్కెం నుంచి చీర దించి మడిచి పెట్టాడు. మంచం ఎత్తి గోడకు నిలబెట్టాడు. కేబినెట్ దుకాణంలో తిరిగి ఇచ్చేయాలి. మల్ల తెస్తానని చెప్పాడు కదా. దుమ్ము తుడిచి, దారం విప్పుదామని దాని ముందు గొంతుక్కూర్చున్నాడు.

ముడి దొరకలేదు. వేలితో తడిమితే తగులుతోంది, కంటికి ఆనడం లేదు. కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు. గోరు పెట్టి వదులు చేయబోయాడు. లోపలికి దారి ఎక్కడుందో తెలియలేదు. లేచి కత్తెర తెచ్చాడు. దారానికి ఆనించి, కాసేపు ఉంచి, కత్తెరను పక్కన పెట్టాడు. డ్రైవు స్క్రూలు విప్పి, దాన్ని ఒక్కదాన్నే దారంతో సహా బయటికి తీసి, మిగతా కేబినెట్ సంచిలో వేశాడు. ఈరన్న ఏమీ అనడు.

అలమరలో ప్రమీల ఫోటో కింద ఆ డ్రైవు ఉంది. పళ్లెం మూసుకునే ఉంది. దాని అంచున ఎర్ర నూలు ముడి ఒకటి, ఆవగింజ కంటే చిన్నది, గోటితో తుంచిన రెండు కొసలూ సమానంగా.